అద్దం తీసిన వాచీ

పడుకున్నాడా, పడుకున్నట్టు ఉన్నాడా అని లలితమ్మ తలుపు సందులోంచి ఒకసారి తొంగి చూసింది. రామ్‌చందర్ గోడవైపు తిరిగి ఉన్నాడు. వెనకటి రోజుల్లో అయితే మగడు నిద్రపోయాడో మేలుకున్నాడో కళ్లు చూసి చెప్పగలిగేది; ఇప్పుడు ఆ కళ్లు తెరిచి ఉన్నా ఒకటే, మూసి ఉన్నా ఒకటే. మంచం కిర్రుమనడం లేదు కాబట్టి నిద్రే అనుకుంది. అనుకుని వాకిట్లో ఎండ పడే చోట పీట వేసుకుని కూర్చుని, బోర్లించిన స్టీలు తట్ట మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద వాచీ పెట్టింది. నల్లటి ప్లాస్టిక్ పట్టీ, ఇత్తడి రంగు వెడల్పాటి అంచు, లోపల తెల్లటి ముఖం మీద నల్లని అంకెలు. చార్మినార్ దగ్గర బండి మీద కుప్పపోసి అమ్మే సరుకు. "గ్యారంటీ పూఛో నక్కో అమ్మా, చలే తక్ చల్తీ" అన్నాడు బండివాడు నవ్వుతూ. గ్యారంటీ అడగొద్దట, నడిచినన్నాళ్లు నడుస్తుందట. ఆ మాటకొస్తే ఈ లోకంలో ఎవరి గ్యారంటీ మాత్రం అంతకంటే గట్టిది గనుక. సాయంత్రం పాలు పిండే వేళకు ఆయన్ను లేపాలి, లేపేలోపు ఈ పని కావాలి. కుదిరితే ఆయన చేతికిస్తుంది, చెడిపోతే పెంట కుప్పలో పారేస్తుంది, ఎవరికీ చెప్పదు.

వెనక మూతకు అంచున చిన్న గాటు ఉంటుందని ఆమెకు తెలుసు. షాలిబండ దారిలో వాచీలు బాగుచేసే ముసలాయన డబ్బా కొట్టు ముందు నిలబడి, తన వంతు వచ్చేలోపు, ఇంకెవరిదో వాచీ ఆయన విప్పడం మొదటి నుంచి చివరి దాకా చూసింది. తన వంతు వచ్చాక "దీనికి అద్దం తీసెయ్యాలె చాచా" అంటే ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి మరీ ఆమె వంక చూశాడు. "అద్దం లేకుంటె మిట్టి భర్ జాతీ అమ్మా, దుమ్ము నిండుతది. మంచిగున్నదాన్ని నా చేత్తోని ఖరాబ్ జెయ్య." మంచి మనిషే. పాపం, తన చేత్తో పాడు చేయనన్నాడు, అంతే కదా. పాడు చేసుకోవడానికి ఒకరి చేయి ఎందుకు, మనకు రెండున్నాయి. కూరగాయల కత్తి మొన గాట్లో పెట్టి మెల్లగా తిప్పింది. మూత టప్పున లేచి బండల మీద పడింది. ఆ చప్పుడుకు లోపల మంచం కదులుతుందేమో, "టైమెంతయిందే" అని గొంతు వినిపిస్తుందేమో అని ఊపిరి బిగబట్టింది. వినిపించలేదు. వినిపించదని తెలుసు. తెలిసి కూడా రోజుకు పదిసార్లు ఇట్లాగే చెవి ఒగ్గి ఆగిపోతూ ఉంది.

ఒకప్పుడు, ఒకప్పుడంటే మొన్నటి వానాకాలంలోనే, ఆ మాట వినీ వినీ ఆమె చెవులు తూట్లు పడ్డాయి. షుగరు ముందొక కన్ను తినేసింది, తర్వాత తీరుబడిగా రెండోది మొదలుపెట్టింది, ఇక చేసేదేమీ లేదని పెద్ద డాక్టరు చెప్పి పంపేశాక ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్న రామ్‌చందర్ అడిగిన మొదటి మాట అదే, టైమెంతయింది అని. ఆ తర్వాత ఇక అడ్డూ అదుపూ లేదు. పొయ్యి ముందు కూర్చుంటే అడుగుతాడు, కొట్టంలో పేడ తీస్తుంటే అడుగుతాడు, నెత్తి మీద గడ్డిమోపు ఉండగా అడుగుతాడు, చెప్పిన మాట ఇంకా గాలిలో ఉండగానే మళ్లీ అడుగుతాడు. ఒకరోజు కడుపు మండి "నేనేమన్న చార్మినార్ గడియారాన్నా, పూటకు నాలుగు దిక్కుల కనవడనీకె?" అని కసిరింది కూడా. కసిరితే ఆయన నవ్వాడు. పాలవాడికి గడియారం ముందు, దేవుడు తర్వాత అనేవాడు మొదటి నుంచీ. బర్రె వేళ తప్పితే పాలు చేపదు, పాలు చేపకపోతే గిరాకీ వాడు గిన్నె పట్టుకుని నిలబడడు, ఇంకో కొట్టం చూసుకుంటాడు. తాతల నాటి నుంచి జహనుమాలో ఆ కొట్టం అట్లాగే నిలబడింది, ఇప్పుడు కొట్టం నిండా ఉన్న బర్రెలు పోయి రెండే మిగిలినా సరే, చూపు పోయాక కూడా రామ్‌చందర్ టైం అడిగి, గోడ పట్టుకుని నడిచి, రాణి అనే బర్రె పొట్టకు తలానించి కూర్చుని తనే పిండేవాడు. పాలు పిండడానికి కళ్లెందుకు, వేళ్లుంటే చాలదా. ఒక్క చుక్క బయట పడేది కాదు. అడగడం విసుగు పుట్టించిన మాట నిజమే కానీ, అడిగాక ఆయన లేచేవాడు, అదీ నిజమే.

లోపల చిన్న బిళ్లలాగా మిషను కనిపించింది, దాని పక్కన సెల్లు. చాచా చేసినట్టే, కీ పుల్ల పక్కనున్న చిన్న గుంటను సూదితో నొక్కిపట్టి కీ బయటికి లాగితే అది పుల్లతో సహా ఊడి వచ్చింది. వాచీని అరచేతిలో బోర్లిస్తే మిషనూ, ముఖమూ, ముళ్లూ అన్నీ కలిసి జారి చేతిలో పడ్డాయి. ఎంత తేలిక. ఇంత తేలిక వస్తువు కోసమా ఇంత రంధి. అయినా ఫోన్ ఉంది కదా అన్నారు అందరూ. కొడుకు నందు పాపం మంచి ఫోనే తెచ్చి పెట్టాడు, గుండీ నొక్కితే ఒక ఆడగొంతు హిందీలో ముద్దుముద్దుగా టైం చెబుతుంది. రామ్‌చందర్ ఒక పూట విన్నాడు, రెండో పూట దాన్ని దిండు కింద తోసేశాడు. "ఎవ్వర్తిరా గీమె, నా ఇంట్ల నాకు టైం చెప్పేది?" అన్నాడు. మరి అజాన్ ఉంది కదా, రోజుకు ఐదు పూటలు అన్ని దిక్కుల నుంచీ వినిపిస్తుంది కదా అంది పక్కింటి కొమురమ్మ. దానికీ జవాబు చెప్పాడు. "అది అల్లాకు జెప్పుకునే యాళ్ల అక్కా. దాన్ని నా బర్రెలకు వాడుకుంటే మంచిగుంటదా? అయినా నడిమిట్ల ఉన్న టైమంత ఎవ్వలు జెప్పాలె?" నడుమ ఉన్న టైం. పొద్దంతా చీకట్లో కూర్చునే మనిషికి నడుమ ఉన్నదే అసలు బతుకు, అది కళ్లున్నవాళ్లకు తట్టదు. లలితమ్మకు కూడా చాలా ఆలస్యంగా తట్టింది, చేతులు కాలాక.

సదర్ పండుగ నాడు కాలాయి చేతులు. దీపావళి వెళ్లిన మర్నాడు పాలవాళ్లు బర్రెలను ముస్తాబు చేసి ఊరేగించే పండుగ. రాణికి ఒళ్లంతా నూనె పట్టించి నల్లరాయిలాగా నిగనిగలాడించాడు నందు, కొమ్ములకు రంగులు, మెడకు గవ్వల పట్టెడ, నెమలీకలు. కరెంటు ఆఫీసులో కాంట్రాక్టు కింద పొద్దంతా స్తంభాలెక్కి దిగే పిల్లవాడు, ఆ ఒక్కరోజు సెలవు పెట్టుకుని తాతల నాటి పరువు నిలబెట్టాలని తిరుగుతున్నాడు, నోట్లో పలుపు, చేతిలో ఫోను, సందులో దోస్తులు హారన్ల మీద హారన్లు. రామ్‌చందర్ మధ్యాహ్నం నుంచే తెల్ల లాల్చీ తొడుక్కుని, తలకు రుమాలు చుట్టుకుని గడప మీద కూర్చున్నాడు. స్కూటర్ వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకుపోతానని నందు మాట ఇచ్చాడు మరి. టైమెంతయింది బిడ్డా. జర ఆగు బాపు. టైమెంతయింది. ఆగుమంటున్న గద. డప్పులు మోగడం మొదలైంది. టైమెంతయిందిరా నందూ. అప్పుడన్నాడు నందు, కోపంగా కూడా కాదు, పలుపు పంటి కింది నుంచి తీసి, చెమట తుడుచుకుంటూ, "టైంతోని నీకేం పని బాపు? నీకు పగలైనా రాత్రైనా ఒక్కటే గద" అన్నాడు. అన్నవాడికి అన్నట్టు కూడా తెలియదు, ఆ వెంటనే బర్రెను తోలుకుని సందులోకి వెళ్లిపోయాడు. తలుపు దగ్గర తాంబాళం పట్టుకుని నిలబడ్డ లలితమ్మకు తెలుసు. గడప మీద కూర్చున్న మనిషి మెల్లగా రుమాలు విప్పి మడత పెట్టుకోవడం ఆమె చూసింది. స్కూటర్ వచ్చేసరికి "మీరు వోండ్రి, నాకు నడుము నొస్తుంది" అన్నాడు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా రామ్‌చందర్ ఎవరినీ టైం అడగలేదు.

అడగకపోవడమే కాదు, కొట్టంలోకి అడుగు పెట్టలేదు. పెడితే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు, తెల్లవారిందంటే సరే, చీకటి పడిందంటే సరే. ఇల్లు నిమ్మళంగా ఉంది, లొల్లి లేదు. ఆ నిమ్మళం లలితమ్మకు కొత్త కాదు. ఆమె అత్త చంద్రమ్మ పోయేముందు ఇట్లాగే చేసింది. రోజూ పొద్దున్నే "తెల్లారిందా" అని అడిగే ముసలమ్మ ఒకనాడు అడగడం మానేసింది, ముసలిది నెమ్మదించిందిలే అనుకున్నారు అందరూ, ఆ నెల దాటలేదు. అడిగే నోరు మూతపడ్డాక మనిషి సగం దారిలో ఉన్నట్టే అని లలితమ్మకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. నందుకు చెబితే వాడు ఏడుస్తాడు, కాళ్ల మీద పడతాడు, అది ఇంకా ఘోరం. కొడుకు ఏడిస్తే ఆ తండ్రి వాడిని ఓదార్చడానికి ఏం కాలేదంటాడు, అంతటితో ఆ మాట మూతపడుతుంది. చెప్పకూడదు. ఆయన ఎవరినీ అడగకుండా, ఎవరి మాటా పడకుండా, తన వేలితో తనే టైం చూసుకుంటే? చూసుకుని తనంతట తనే కొట్టంలోకి వస్తే? ఆ ఆశ ఒక్కటే ఆమెను చార్మినార్ దాకా నడిపించింది. వాచీ ఖాళీ డబ్బాలోకి రెండు బొటనవేళ్లూ పెట్టి లోపలి నుంచి అద్దాన్ని నెట్టింది. రాలేదు. పళ్లు బిగించి నెట్టింది. ఫట్‌మని ఊడి ఎగిరి కుడితి తొట్టి పక్కన పడింది.

"ఏందే లలితా, గాజులకు రాళ్లతికే పని బందు వెట్టి గడియారాలు వట్టుకున్నవా?" పిట్టగోడ మీంచి కొమురమ్మ తల కనిపించింది. చేతిలో పెరుగు కోసం తెచ్చిన ఖాళీ గిన్నె.

"మెల్లగ మాట్లాడు అక్కా, పండుకున్నడు. ఆయనకే."

కొమురమ్మ మెడ చాచి వాచీ చూసింది. ఆమె మాటకు ముల్లుంటుంది కానీ విషం ఉండదు. "గుడ్డోనికి అద్దమెందుకు అన్నట్టుంది" అంది.

"అందుకే అద్దం తీసేసిన" అంది లలితమ్మ.

కొమురమ్మ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకుంది. పెరుగు సంగతి ఎత్తకుండానే తల దించుకుని వెళ్లిపోయింది.

సెకన్ల ముల్లు సన్నగా, వెంట్రుకలాగా ఉంది. వేలు తగిలితే అది ముందు వంకరపోయి తక్కిన రెండింటికీ అడ్డం పడుతుంది. రాళ్లు పట్టుకునే చిన్న చిమ్టాతో పట్టి పైకి లేపింది, వచ్చేసింది. అది పోయాక వాచీ నడుస్తోందో లేదో చూపుకు తెలియకుండా పోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమంటోంది. మిషనును మళ్లీ డబ్బాలో కూర్చోబెట్టి, కీ పుల్ల దూర్చి, తలుపు సందులోంచి గోడ గడియారం చూసి టైం సరిచేసి, వెనక మూత అరచేత్తో అదిమింది. ఇక మిగిలింది ఆమెకు వచ్చిన పని. అంచు మీద రాళ్లు అతికించడం. గంట గంటకూ ఒక రాయి, పన్నెండు దగ్గర పక్కపక్కనే రెండు, అంతే. అంచు మీద రాళ్లుంటాయి, లోపల ముళ్లుంటాయి, వేలితో ముల్లు పట్టుకుని అది ఏ రాయి వైపు ఉందో లెక్కపెట్టుకోవచ్చు. లాడ్‌బజార్ నుంచి పని తెచ్చిచ్చే జైతూన్ బీ పడేసి పోయే గాజులకు ఆమె ఎన్నో ఏళ్లుగా రాళ్లు అతికిస్తూనే ఉంది. గమ్ము సీసా మూత తీసింది, పుల్ల కొసకు మైనం అద్దింది.

పుల్ల కొసన మైనం, మైనానికి రాయి, రాయి కింద గమ్ము బొట్టు. ఇది చేతికి వచ్చిన పని, కంటితో కూడా పని లేదు, చెయ్యి తన దారిన తను పోతుంది, మనసు తన దారిన తను పోతుంది. కార్వాన్‌లో పూలమాలలు కట్టే ఇంట్లో పుట్టిన పిల్లను తెచ్చి బర్రెల కొట్టంలో నిలబెట్టారు, బర్రె తోక విదిలిస్తే ఉలిక్కిపడి గోడకు అంటుకుపోయేది. పాలు పిండడానికి కూర్చునేముందు రామ్‌చందర్ చేతి వాచీ విప్పి ఆమె అరచేతిలో పెట్టేవాడు, పట్టుకో, కిందవడేయకు అని. ఆయన చేతి వేడి ఇంకా దాని మీద ఉండేది. పుల్ల కొసన మైనం, మైనానికి రాయి. కొత్తలో మాటలు తక్కువ, బకెట్‌లో పాలధార చప్పుడే ఎక్కువ, ఆ చప్పుడు మధ్యలో బర్రె పొట్టకు తల ఆనించి తలెత్తకుండానే అడిగేవాడు, టైమెంతయింది. ఆమెకు వాచీ చూడటం రాదు. అంకెలు వచ్చు, ముళ్ల లెక్క రాదు, రాదని చెప్పడానికి సిగ్గు, ఏదో ఒకటి చెప్పేసేది, ఐదున్నర, ఆరు. ఆయన సరే అనేవాడు. ఒకనాడు బయట బారెడు పొద్దెక్కినా ఆరే అని చెప్పింది కాబోలు, ఆయన పాలచేతులతోనే లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. తెల్లని నురుగు అంటిన వేలితో కీ లాగి, చిన్న ముల్లు ఇది, పెద్ద ముల్లు ఇది అని తిప్పి తిప్పి చూపించాడు, ఇప్పుడెంత, ఇప్పుడెంత, ఇప్పుడెంత అని అడిగాడు, తప్పు చెబితే మళ్లీ తిప్పాడు, వాళ్లమ్మ కేకేసే దాకా. రాయి కింద గమ్ము బొట్టు, పక్కన ఇంకో రాయి. ఆ వేళ్లు ఎంత లావు అప్పుడే. పొదుగు మీద బొటనవేలు మడిచి మడిచి ఆ మడత దగ్గర కణుపు కాయ కట్టింది, అన్నం కలుపుతుంటే కూడా ఆ వేలు పూర్తిగా చాపడం రాదు. ఆ చెయ్యి నందు పుట్టినప్పుడు పసివాడి తల కింద పెట్టడానికి భయపడింది, గీరుకుపోతుందేమో అని. చూపు మందగిస్తున్న కొత్తలో మొదటిసారి పాలధార బకెట్ బయట పడిన పొద్దు కూడా ఆమె అక్కడే ఉంది, తెల్లని పాలు పేడ మీద పారుతుంటే బకెట్ జరిగింది అన్నాడు. బకెట్ జరగలేదు. ఆమె చూసింది, జరగలేదని చెప్పలేదు, అవును జరిగిందంది, చప్పుడు కాకుండా బకెట్‌ను ధార కిందకు జరిపింది. అప్పుడే చెప్పి ఉంటే, అప్పుడే డాక్టరు దగ్గరికి తోలుకుపోయి ఉంటే. పుల్ల కొసన మైనం, మైనానికి రాయి, పక్కన ఇంకో రాయి, దాని పక్కన ఇంకోటి. తలాబ్ కట్ట నుంచి వచ్చే జైతూన్ బీ గాజు చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూస్తుంది, సందు కనిపించకూడదు లల్తమ్మా, సందు కనిపిస్తే మాల్ వాపస్ అంటుంది, సందు లేకుండా, సందు లేకుండా, రాయి పక్కన రాయి.

చెయ్యి ఆగింది. పెట్టడానికి చోటు లేక ఆగింది.

లలితమ్మ వాచీ వైపు చూసింది. అంచు నిండా రాళ్లు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా, ఈగ కాలు మోపడానికి కూడా సందు లేకుండా, ఎండకు జిగేలుమంటూ పెళ్లికూతురి గాజులాగా ఉంది. ఇంత అందంగా ఎప్పుడూ ఏ గాజుకూ కుదరలేదు. జైతూన్ బీ చూస్తే మాషా అల్లా అని కళ్లకద్దుకునేది. గుడ్డివాడి వేలికి మాత్రం అందులో గంటా లేదు, నిమిషమూ లేదు. "అయ్యో నా చెయ్యి ఇరుగ" అని పైకే అనేసింది. గమ్ము తడి మీద ఉంది, ఇప్పుడే పీకితే వస్తాయి, కాసేపాగితే ఇక గోటికి కూడా రావు. చిమ్టా తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. రాయి రాలిన గాజు ముత్తైదువ తొడుక్కోదు, అది వేరే సంగతి, రాలినచోట ఇంకోటి అతికించుకోవచ్చు. కానీ అతికించిన రాయిని కావాలని పీకిన చేతికి గాజులు నిలవవంటారు ఆ పని చేసే ఆడవాళ్లందరూ, హిందువులైనా తురకలైనా. తప్పు రాయి పడితే పీకరు, గాజు మొత్తం పక్కన పడేస్తారు. లలితమ్మ కూడా ఇన్నేళ్లలో ఒక్కటీ పీకలేదు. ఇప్పుడు పీకవలసింది ఒకటి కాదు. అదీ ఎవరి వస్తువుకు? ఆమె చేతి గాజులు ఎవరివల్ల ఉన్నాయో ఆ మనిషి వస్తువుకు. భయమేసింది, నిజంగా భయమేసింది, పక్కన పడేసి ఇంకో వాచీ కొనుక్కొస్తే పోదా అనుకుంది. ఇంకో వాచీ తెచ్చేదెప్పుడు, ఎన్ని పొద్దులు గడిచాక? లోపలి గదిలోంచి చిన్న దగ్గు కూడా రావడం లేదు. టైం అడగని మనిషి గోడవైపు తిరిగి ఉన్నాడు. గాజులు నిలవడమంటే ఇదేనా, ఇట్లా నిలిస్తే చాలా? అని తనను తనే అడిగింది. అడిగి, కళ్లు గట్టిగా మూసి తెరిచి, మొదటి రాయి పీకింది.

తర్వాత ఆలోచించలేదు. పీకిన ప్రతి రాయినీ తట్ట మీద కాకుండా పక్కన మట్టిలోకి విదిలించింది. అంకె దగ్గర ఒకటి ఉంచి నడుమవన్నీ తీసేస్తూ వచ్చింది, పన్నెండు దగ్గర మాత్రం రెండు. పీకినచోట గమ్ము చారలు, గీతలు, ఇత్తడి రంగు లేచి కింద తెల్లటి ప్లాస్టిక్ కనిపించింది. పళ్లూడిన చిగుళ్లలాగా తయారైంది పెళ్లికూతురి గాజు. మంచిదే. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూసింది, ఏమీ తెలియలేదు, ఆమె వేళ్లకొసలకు ఏళ్ల తరబడి అంటిన గమ్ము పొర అలాంటిది. అప్పుడు చిటికెన వేలితో తడిమింది. రెండు రాళ్లు, అది పన్నెండు. పక్కన ఒకటి, రెండు, మూడు. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని కాసేపు అట్లాగే కూర్చుంది. దగ్గర్లోని మసీదులో అజాన్ మొదలైంది, అది సగంలో ఉండగానే దూరపుది అందుకుంది. కొట్టంలో రాణి కాళ్లు మారుస్తూ చప్పుడు చేసింది.

లోపలికి వెళ్లేసరికి రామ్‌చందర్ లేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నిద్రపోనే లేదు కాబోలు.

"చెయ్యి ఇటియ్యుండ్రి" అంది.

ఇచ్చాడు. అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్లు మూసుకుని తెరుచుకున్నాయి. "ఏందిది? గాజా? రాళ్లున్నయి."

"వాచీ. అద్దం తీసేసిన. రెండు రాళ్లున్న కాడ పన్నెండు. అటెన్కల ఒక్కొక్కటి. నడిమిట్ల ముళ్లుంటయి, ఏలువెట్టి చూడుండ్రి."

ఆయన ఎడమచేత్తో వాచీ పట్టుకుని, కుడిచేతి బొటనవేలు అంచు మీద ఆనించాడు. రెండు రాళ్లు దొరికాయి. తల కొంచెం పక్కకు వంచాడు, పొదుగు దగ్గర కూర్చున్నప్పుడు వంచినట్టు. ఒకటి, రెండు అని పెదాలు కదిలాయి. వేలు లోపలికి దిగింది. ఆ లావుపాటి వేలు, చాపడానికి రాని ఆ వేలు ముఖం మీద ఒక్క ఊపున తిరిగింది, పెద్ద ముల్లు దాని కింద నలిగి ఎటో తిరిగిపోవడం, దాంతో చిన్నది కూడా జరిగిపోవడం లలితమ్మ కళ్లారా చూసింది. అద్దం గురించి ఆలోచించింది, రాళ్ల గురించి ఆలోచించింది, తన చిటికెన వేలితో తడిమి సంబరపడింది, ఆ వేలి గురించి ఆలోచించలేదు. ఇంతకీ పాడు చేయనన్న చాచాయే తెలివైనవాడు.

"రెండుంబావు" అన్నాడు రామ్‌చందర్.

లలితమ్మ అవును అందామనుకుంది. కొట్టంలోంచి రాణి గట్టిగా అరిచింది, పొదుగు నిండిన అరుపు అది.

"రెండుంబావుకు రాణి ఒర్లదు" అన్నాడు. "అజాన్ గూడ అయింది." మళ్లీ తడిమాడు, ఈసారి ముల్లు ఇంకోవైపు జరిగింది. "నేను ముట్టుకుంటే జరుగుతుందే ఇది."

ఇక కిందపెడతాడు, దిండు కిందకు తోస్తాడు, గోడవైపు తిరుగుతాడు. ఆమె దానికి సిద్ధపడింది. ఆయన కిందపెట్టలేదు. పక్కన వెతికి, కీ దొరికాక దాని కింద గోరు దూర్చి లాగాడు. చిన్నగా టిక్కుమంది. గోరు అట్లాగే పట్టుకుని ముఖం ఆమె ఉన్న వైపు తిప్పాడు.

"టైమెంతయింది?"

లలితమ్మ వినలేదన్నట్టు నిలబడింది. విన్నది, ఒంట్లోని ప్రతి ఎముకా విన్నది.

"నిన్నేనే లలితా, టైమెంతయింది? ముల్లు సరిజెయ్యాలె గద."

ఆమె గోడ గడియారం వైపు తిరిగింది. మసకమసకగా అంతా ఒకటే తెల్లగా కనిపించింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది, మళ్లీ చూసింది, మళ్లీ ఒత్తుకుంది. "నాలుగున్నర" అంది ఎట్లాగో.

ఆయన కీ మెల్లగా తిప్పాడు, ఆగి వేలితో ఆనించి చూశాడు, జరిగిన కాడికి మళ్లీ వెనక్కి తిప్పాడు. రెండోసారి వేలు పైపైన, ఊదినంత తేలిగ్గా ఆనించాడు. కీ లోపలికి నొక్కి, వాచీని బనీను జేబులో వేసుకుని, గోడ కోసం చెయ్యి చాపి లేచాడు.

"గింత సుకుమారమైతే రోజూ తప్పు జూపిస్తది" అన్నాడు. "నిన్ను అడిగి తిప్పుకోవాలె గావచ్చు."

"అడుగుండ్రి" అంది లలితమ్మ. "ఎన్నిసార్లన్న అడుగుండ్రి." పాల బకెట్ తేవడానికి ఆమె ముందు నడిచింది.